ఒక్క ఫ్లైట్ ప్లాన్, 20 సెకన్లు: గగనతల కంప్యూటర్లు ఎందుకు మొరాయిస్తాయి

2023 ఆగస్టు 28, సోమవారం. బ్రిటన్‌లో బ్యాంకు సెలవు. వేసవి సెలవులు ముగింపుకొచ్చాయి, ఇళ్లకు తిరిగొచ్చే జనంతో విమానాలన్నీ కిటకిటలాడుతున్నాయి. ఆ ఉదయం లాస్ ఏంజెలెస్ నుంచి పారిస్ వెళ్లే ఒక విమానం తాలూకు ఫ్లైట్ ప్లాన్, అంటే అది ఏ దారిన, ఏ ఎత్తున పోతుందో చెప్పే కబురు, బ్రిటన్ గగనతల నియంత్రణ సంస్థ నాట్స్ కంప్యూటర్‌కు చేరింది. అందులో తప్పేమీ లేదు. యూరప్ మొత్తానికీ ఫ్లైట్ ప్లాన్లు సరిచూసే యూరోకంట్రోల్ కంప్యూటర్ అప్పటికే దాన్ని ఒప్పుకుని పంపింది. కానీ అది చేరిన 20 సెకన్లలోపే నాట్స్ ప్రధాన కంప్యూటరూ, దాని పక్కన తోడుగా నిలబెట్టిన బ్యాకప్పూ రెండూ చేతులెత్తేశాయి.

జరిగింది ఇదీ. ఆకాశంలో దారి అంటే వరసగా కొన్ని గుర్తు బిందువులు. ఒక్కో బిందువుకీ ఒక పొట్టి పేరు. ఆ విమానం దారిలో రెండు చోట్ల డీవీఎల్ అనే మూడక్షరాల పేరే వచ్చింది. ఒకటి అమెరికాలోని నార్త్ డకోటాలో ఉన్న డెవిల్స్ లేక్, రెండోది ఫ్రాన్స్ తీరంలోని డోవిల్. రెండిటికీ మధ్య దూరం సుమారు 4,000 నాటికల్ మైళ్లు. నాట్స్ కంప్యూటర్‌కు కావలసింది ఆ దారిలో బ్రిటన్ మీదుగా పోయే ముక్క ఒక్కటే: విమానం ఎక్కడ లోపలికి వస్తుంది, ఎక్కడ బయటికి పోతుంది. బయటికి పోయే చోటు నేరుగా దొరక్క, ఆ తర్వాతి బిందువు ఏదా అని వెతుక్కుంటూ పోయి డీవీఎల్‌ను పట్టుకుంది. అయితే పట్టుకున్నది ఫ్రాన్స్‌లోని డీవీఎల్‌ను కాదు, అమెరికాలోనిదాన్ని. లోపలికి రాకముందే బయటికి పోయిన విమానం! ఇలాంటి లెక్క ముందుకొస్తే ఏం చేయాలో ప్రోగ్రాములో ఎవరూ రాయలేదు. తప్పుడు సమాచారం నేల మీద నుంచి విమానాలకు దారి చెప్పే కంట్రోలర్ తెర మీదికి పోవడం కంటే ఆగిపోవడమే మేలనుకుని అది ఆగిపోయింది. బ్యాకప్ అందుకుంది. అదే ప్లాను, అదే ప్రోగ్రాము, అదే తీర్మానం. అదీ ఆగిపోయింది.

కంప్యూటర్ ఆగగానే విమానాలు ఆగలేదు. అప్పటికే నిల్వ ఉన్న ఫ్లైట్ ప్లాన్లతో 4 గంటలు నెట్టుకు రావచ్చు. ఆ 4 గంటలు ఇచ్చింది బాగు చేసుకోవడానికే. కానీ గండం గట్టెక్కించాల్సిన ఇంజినీరు సెలవు రోజు కావడంతో ఇంటి నుంచి డ్యూటీలో ఉన్నాడు. దూరం నుంచి చేసిన ప్రయత్నాలు ఫలించలేదు, పూర్తిగా ఆపి మళ్లీ నడపాలంటే మనిషి అక్కడ ఉండాల్సిందే. అతను చేరడానికి గంటన్నర పట్టింది. ఆ సాఫ్ట్‌వేర్ తయారు చేసిన కంపెనీకి ఫోను వెళ్లేసరికి 4 గంటలు దాటిపోయాయి. ఈలోగా ప్లాన్లను చేత్తో ఎక్కించడం మొదలైంది: మామూలుగా గంటకు వందల్లో సాగేవి, చేత్తో గంటకు 60 దాటవు. తర్వాత విచారణలో తేలిన లెక్క ప్రకారం ఆ గందరగోళం తాకిడి 7 లక్షల మందికి పైగా ప్రయాణికులకు తగిలింది.

ఇలాంటిది జరిగినప్పుడల్లా వార్తల్లో ఒకే మాట: "కాలం చెల్లిన కంప్యూటర్లు." కానీ ఆ రోజు ఆగిన వ్యవస్థ 2018లో పెట్టింది. అప్పటిదాకా కోటిన్నర ఫ్లైట్ ప్లాన్లను తడబడకుండా నడిపింది. దాన్ని ముసలిది అనడం అన్యాయం. అందులో ముసలిది ఏదైనా ఉంటే అది డీవీఎల్ అన్న పేరు. మూడక్షరాల పేర్లు పాతకాలపు రేడియో దీపస్తంభాలవి, ప్రపంచంలో ఎవరి చోట వాళ్లు పెట్టుకున్నారు. తర్వాత వచ్చిన అయిదక్షరాల పేర్లు మాత్రం ప్రపంచానికంతటికీ ఒక్కటే ఉండేలా చూసుకున్నారు. ఈ కథలన్నిటిలో తప్పు తరచుగా కనిపించేది ఇక్కడే: పాత యంత్రంలోనూ కాదు, కొత్త యంత్రంలోనూ కాదు, రెండిటినీ కుట్టిన అతుకులో.

తెర ఆరితే విమానం కింద పడదు, కింద నిలబడుతుంది

కంట్రోలర్ తెర ఆరిపోయిందన్న వార్త వినగానే మనసులో మెదిలే భయం గాల్లో విమానాలు గుద్దుకోవడం. నిజానికి ఆ భయాన్ని దూరం పెట్టేందుకే వేల విమానాలు నేల మీద ఆగుతాయి. దీని లెక్క తెలిస్తే మిగతాదంతా తేలికగా అర్థమవుతుంది.

దారి మధ్యలో, రాడార్ మీద కనిపిస్తున్నంతసేపు, ఒకే ఎత్తులో వెళ్లే రెండు విమానాలకు 5 నాటికల్ మైళ్ల ఎడం చాలు. అంటే సుమారు 9 కిలోమీటర్లు. లేదా ఒకటి మరొకదానికంటే 1,000 అడుగులు పైన ఉంటే సరి. రాడార్ లేనప్పుడు మైళ్ల లెక్క పోయి నిమిషాల లెక్క వస్తుంది. పైలట్ ఫలానా బిందువు దాటానని చెప్పిన సమయాన్ని బట్టి, వెనక వచ్చేదాన్ని 10 నిమిషాలు, కొన్ని పరిస్థితుల్లో 15 నిమిషాలు ఎడంగా ఉంచుతారు. జెట్ విమానం నిమిషానికి 8 నాటికల్ మైళ్లు పోతుంది. 10 నిమిషాలంటే 80 మైళ్లు. నిన్నటిదాకా 16 ఎడాలు పట్టిన దారిలో ఇప్పుడు పట్టేది ఒక్కటే.

మిగిలిన విమానాలు ఎక్కడికి పోవాలి? ఎగరకుండా ఉండిపోవాలి. అందుకే ఏ కేంద్రంలో ఏ చిన్న భాగం నలిగినా వెంటనే పడే ఆజ్ఞ ఒక్కటే: ఇటువైపు వచ్చే విమానాలను ఎక్కడివక్కడ ఆపండి.

ఆ తర్వాతి తలనొప్పి కంట్రోల్ గది దాటి చాలా దూరం పోతుంది. ఒక విమానం రోజుకు నాలుగైదు ఊళ్లు తిరుగుతుంది. ఉదయం రెండు గంటలు ఆలస్యమైతే ఆ ఆలస్యం సాయంత్రం దాకా వెంట వస్తుంది. పైలట్లకూ సిబ్బందికీ పని గంటలకు చట్టం గీసిన హద్దు ఉంటుంది. నేల మీద కూర్చున్న సమయం కూడా ఆ డ్యూటీలోకే వస్తుంది కాబట్టి, కంప్యూటర్ బాగయ్యే వేళకు నడపడానికి విమానం ఉంటుంది గానీ నడిపే మనిషికి గంటలు మిగలవు. గంటసేపటి తడబాటుకు మూడు రోజుల అవస్థ పడటం వెనకున్న లెక్క ఇదే. లోపాన్ని సరిదిద్దాం అని అధికారులు ప్రకటించిన తర్వాతే అసలు క్యూలు పెరిగేది.

టెలిప్రింటర్ పోయింది, దాని వాసన పోలేదు

గగనతల నియంత్రణ అనగానే రాడార్ గుర్తొస్తుంది. కానీ ఈమధ్య కాలంలో ప్రయాణాలను ఎక్కువగా తలకిందులు చేసింది రాడార్ కాదు, సందేశాలు మోసే వ్యవస్థలు. ఒక రకంగా ఇది విమానాల తపాలా శాఖ. ఏ విమానం ఎక్కడినుంచి ఎక్కడికి, ఏ దారిన, ఏ ఎత్తున, ఎన్నింటికి అన్న కబురు దారిలో ఉన్న ప్రతి కంట్రోల్ కేంద్రానికీ విమానం కంటే ముందే చేరాలి. ఆ కబురు లేనిదే కంట్రోలర్ తెర మీద కనిపించే చుక్కకు పేరుండదు.

ఈ తపాలాకు ప్రపంచమంతా వాడుతూ వచ్చిన వల ఏఎఫ్‌టీఎన్. టెలిప్రింటర్ల కాలంలో పుట్టింది. అందులో సందేశం జెడ్‌సీజెడ్‌సీ అన్న నాలుగు అక్షరాలతో మొదలై నాలుగు ఎన్‌లతో ముగుస్తుంది. ఒక్కో వరసలో 69 అక్షరాలకు మించకూడదు, ఎందుకంటే అప్పటి యంత్రంలో కాగితం వెడల్పు అంతే. అన్నీ పెద్దక్షరాలే, ఎందుకంటే ఆ యంత్రానికి చిన్నక్షరాలు రావు. ఆ యంత్రాలు మ్యూజియాలకు చేరి దశాబ్దాలైంది. అవి పెట్టిన షరతులు మాత్రం చాలా చోట్ల ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి. కొత్త పద్ధతికి మారిన దేశాలు కూడా మారని పక్క దేశంతో మాట్లాడటానికి పాత భాషను అట్టే పెట్టుకోవాలి. ఫోను మార్చినంత సులువుగా ఎవరికి వారు మార్చుకునే సరుకు కాదిది.

పైలట్లకు హెచ్చరికలు చేరవేసే నోటామ్‌లదీ అదే ధోరణి. ఏ రన్‌వే మూసేశారు, ఎక్కడ దీపాలు వెలగడం లేదు, ఎక్కడ క్రేను నిలబెట్టారు లాంటివి బయల్దేరే ముందు పైలట్ చూసి తీరాలి. రన్‌వే అన్న మాట మూడక్షరాలకు కుదించి ఉంటుంది, మూసివేత నాలుగు అక్షరాలకు. పదాలు ఇలా నలగ్గొట్టడం ఒకప్పుడు పొదుపు, ఇప్పుడు అలవాటు. అమెరికాలో ఈ హెచ్చరికలు మోసే వ్యవస్థకు 2023 నాటికి దాదాపు 30 ఏళ్లు. ఆ ఏడాది జనవరి 10న అది మొరాయించింది. రాత్రంతా ఫోను లైను పెట్టి నెట్టుకొచ్చారు. తెల్లవారి రద్దీ మొదలయ్యేసరికి ఫోను సరిపోలేదు. జనవరి 11 ఉదయం దేశమంతటా బయల్దేరే విమానాలను ఆపేశారు. 2001 సెప్టెంబరు 11 తర్వాత అలా దేశం మొత్తం ఆపడం అదే మొదటిసారి. ఆంక్ష గంటల్లోనే ఎత్తేసినా ఆ రోజు 10,000కు పైగా విమానాలు ఆలస్యమయ్యాయి, 1,300 దాకా రద్దయ్యాయి.

కారణం తెలిసినప్పుడు చాలామంది పెదవి విరిచారు. ప్రధాన డేటాబేసు, బ్యాకప్ డేటాబేసు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా పోతుంటే సరిచేయబోయిన కాంట్రాక్టు సిబ్బంది పొరపాటున కొన్ని ఫైళ్లు చెరిపేశారు. అంటే కాపాడాల్సిన బ్యాకప్‌ను చక్కదిద్దబోతేనే అసలుకు ఎసరొచ్చింది. మనిషి చేసిన పొరపాటని అక్కడితో కేసు మూసేయొచ్చు. కానీ ఒక్క మనిషి చెరిపిన ఫైలుతో దేశం ఆగిందంటే అడగాల్సిన ప్రశ్న ఆ మనిషి గురించి కాదు.

2025 నవంబరు 6న ఢిల్లీలో ఆగిందీ ఈ తపాలాయే. విమానాశ్రయంలోని ఏఎంఎస్‌ఎస్ అనే సందేశాల మార్పిడి వ్యవస్థ మొండికేసింది. రాడార్లు పనిచేస్తూనే ఉన్నాయి, రేడియోలు మోగుతూనే ఉన్నాయి. కంట్రోలర్ తెర మీదికి దానంతటది రావాల్సిన ఫ్లైట్ ప్లాను మాత్రం రావడం లేదు. ఒక్కొక్కటీ చేత్తో ఎక్కించాల్సి వచ్చింది. 800కు పైగా విమానాలు ఆలస్యమయ్యాయి, ఆ సెగ దేశంలోని మిగతా విమానాశ్రయాలకూ తగిలింది.

కవలలకు జ్వరం ఒకేసారి

గగనతల నియంత్రణలో ఏ యంత్రమూ ఒంటరిగా ఉండదు. ప్రతిదానికీ తోడు ఉంటుంది, కొన్నిటికి ఇద్దరు. అలాంటప్పుడు రెండూ ఒకేసారి ఎలా పోతాయన్నది సహజంగా వచ్చే అనుమానం. ఒక సర్వరు వేడెక్కి చస్తే రెండోది ఆదుకుంటుంది. డిస్కు అరిగిపోయినా అంతే. కానీ రెండిట్లోనూ ఉన్నది అక్షరం పొల్లుపోకుండా ఒకే ప్రోగ్రాము అయితే, మొదటిదాన్ని కూల్చిన తప్పు రెండోదాన్నీ కూలుస్తుంది. ఇనుము చెడిపోవడానికి మందు ఉంది. రాత చెడితే కవలలిద్దరికీ జ్వరం ఒకేసారి వస్తుంది.

2014 డిసెంబరు 12 దీనికి చక్కటి ఉదాహరణ. లండన్ చుట్టుపక్కల ఆకాశాన్ని చూసే స్వానిక్ కేంద్రంలో ఒక సర్వరు కంట్రోలర్ల పని పాత్రలను, అంటే వాళ్లకు అప్పగించే బాధ్యతలను, లెక్కపెడుతుంటుంది. ఎన్ని పాత్రలు ఉండొచ్చు అన్నదానికి వ్యవస్థ పెట్టుకున్న హద్దు 193. కానీ ఆ హద్దును సరిచూసే చోట, 1990ల్లో ఎవరో రాసిన వాక్యంలో, 193కు బదులు 151 అని ఉంది. రెండు అంకెలూ ఏళ్ల తరబడి పక్కపక్కనే శాంతంగా బతికాయి, ఎందుకంటే పాత్రల సంఖ్య ఎప్పుడూ 151 దాటలేదు. డిసెంబరు 11న సైనిక కంట్రోలర్ల కోసం మరికొన్ని పాత్రలు చేర్చారు. మొత్తం 153 అయింది. మర్నాడు మధ్యాహ్నం ఒక వర్క్‌స్టేషన్‌ను ఊరికే చూస్తూ ఉండే స్థితిలోకి మార్చగానే సర్వరు లెక్కపెట్టుకుంది, 153ను 151తో పోల్చుకుంది, ఆగిపోయింది. తోడు సర్వరు అందుకుని అదే లెక్క చేసి అదే పని చేసింది. రెండే రెండు అంకెల తేడాకు హీత్రోలో విమానాలు నిలిచిపోయాయి. ఆ సర్వరుకు సమాచారం అందించే ఫ్లైట్ డేటా వ్యవస్థ మూలాలు వెతికితే 1960ల అమెరికాలో తేలతాయి. అతుకుల బొంత అంటే ఇదే: ఏ గుడ్డ ఎప్పటిదో కుట్టినవాళ్లకే గుర్తుండదు.

అంతకు పదేళ్ల ముందు, 2004 సెప్టెంబరు 14న, దక్షిణ కాలిఫోర్నియా మీద ఎగురుతున్న పైలట్లకు ఉన్నట్టుండి కంట్రోలర్ గొంతు వినిపించకుండా పోయింది. లాస్ ఏంజెలెస్ కేంద్రంలో రేడియో, ఫోను లైన్లన్నీ కలిపే వ్యవస్థ మూగబోయింది. అందులో యూనిక్స్ మీద నడిచే పాత భాగాన్ని తీసి విండోస్ మీద నడిచేది పెట్టారు. లోపల ఒక గడియారం మిల్లీసెకన్లు లెక్కపెడుతూ ఉంటుంది. 32 బిట్ల గడిలో పట్టే అతిపెద్ద అంకె 429 కోట్ల పైచిలుకు. మిల్లీసెకన్ల లెక్కలో అది 49.7 రోజులు. అది నిండితే గడియారం సున్నాకు వస్తుంది, వ్యవస్థ తికమకపడుతుంది. ఈ సంగతి తెలియనిది కాదు. అందుకే ప్రతి 30 రోజులకొకసారి ఆపి మళ్లీ నడపాలని నియమం పెట్టారు. ఆ నెల ఎవరో మర్చిపోయారు. బ్యాకప్ లేచి కొద్దిసేపటికే అదీ పడిపోయింది. కంట్రోలర్లు సొంత సెల్‌ఫోన్లు తీసి పక్క కేంద్రాలకు ఫోన్లు చేసి, ఫలానా విమానాన్ని ఆపండి, తిప్పండి అని చెప్పుకున్నారు. కనీసం 5 చోట్ల విమానాలు ఉండాల్సిన ఎడం కంటే దగ్గరికొచ్చాయి.

లోపం ఉందని తెలిసీ దాన్ని దిద్దకుండా, దాని చుట్టూ ఒక ఆచారం కట్టుకోవడం అన్నది పాత వ్యవస్థలున్న ప్రతిచోటా కనిపించే జబ్బు. ఫలానా మీట రెండుసార్లు నొక్కు, ఫలానా తెర తెరిచి ఉంచకు, నెలకోసారి ఆపి నడుపు. కొత్తగా చేరినవాడికి ఇవన్నీ పాఠంలో భాగమే. అవి లోపాలని ఎవరికీ అనిపించడం మానేస్తుంది.

పాతది అంటే ఏమిటి

యంత్రానికి వయసు పైబడటం వేరు, దిక్కులేకుండా పోవడం వేరు. రెండోది ప్రమాదకరం. విడిభాగాలు చేసే కంపెనీ మూతపడుతుంది. ఆ ప్రోగ్రాము భాష తెలిసిన చివరి తరం రిటైరవుతుంది. 2015 నవంబరులో పారిస్ ఓర్లీ విమానాశ్రయంలో పొగమంచు పట్టిన వేళ, రన్‌వే మీద ఎంతదూరం కనిపిస్తుందో పైలట్లకు అందించే వ్యవస్థ ఆగింది. అది విండోస్ 3.1 మీద నడుస్తున్నదని బయటపడ్డాక లోకమంతా నవ్వుకుంది. నవ్వేంత విషయమే. కానీ అక్కడి అసలు ఇబ్బంది విండోస్ వయసు కాదు, దాన్ని విప్పి బాగుచేయగల మనుషులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగలడం.

అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2024 సెప్టెంబరులో ఇచ్చిన నివేదిక ఈ దిక్కులేనితనాన్నే కొలిచింది. ఆ దేశ విమానయాన సంస్థ ఎఫ్ఏఏ వాడుతున్న 138 గగనతల వ్యవస్థల్లో 51 ఇక నిలబెట్టుకు రాలేనివి, మరో 54 ఆ దారిలో ఉన్నవి. కలిపితే 105, అంటే నాలుగింట మూడు వంతులు. వాటిలో కొన్నిటికి బదులు రావడానికి పదేళ్లకు పైనే పడుతుందని కూడా ఆ నివేదిక చెప్పింది.

2025 ఏప్రిల్ 28న నెవార్క్‌లో జరిగింది చూస్తే కంప్యూటర్ల కంటే తీగలు పాతవని తెలుస్తుంది. నెవార్క్ విమానాశ్రయానికి వచ్చే పోయే విమానాలను చూసే కంట్రోలర్లను 2024 జులైలో న్యూయార్క్ నుంచి ఫిలడెల్ఫియాకు మార్చారు. మనుషులు మారారు, రాడార్ సమాచారం మాత్రం న్యూయార్క్ నుంచే తీగల మీద రావాలి. ఆ తీగ దగ్గర తేడా వచ్చి సుమారు 90 సెకన్లు తెర ఆరిపోయింది, రేడియో కూడా కొంతసేపు పోయింది. విమానాలు గాల్లో ఉన్నాయి, కంట్రోలర్ ముందు నల్లటి అద్దం ఉంది. ప్రమాదమేదీ జరగలేదు. కానీ ఆ అనుభవం తర్వాత కొందరు కంట్రోలర్లు మానసిక ఆఘాతం కింద సెలవు పెట్టారు. అసలే మనుషుల కొరత ఉన్నచోట ఇది గోరుచుట్టు మీద రోకటి పోటు. ఒక పెద్ద విమాన సంస్థ అక్కడ రోజుకు 35 రాకపోకలు తగ్గించుకుంది. మే 9న మళ్లీ 90 సెకన్లు తెర పోయింది. 90 సెకన్ల తేడా వారాల తరబడి టికెట్లను తారుమారు చేసింది.

కరెంటు సంగతి కూడా ఒక్క మాట. 2023 జనవరి 1న మనీలాలో ఫిలిప్పీన్స్ గగనతల కేంద్రం మూగబోవడానికి ప్రోగ్రాముతో సంబంధం లేదు. కరెంటు పోయినప్పుడు ఆదుకోవాల్సిన యూపీఎస్ వ్యవస్థే చతికిలబడింది. కొత్త ఏడాది మొదటి రోజున వేలమంది విమానాశ్రయాల్లో పడిగాపులు పడ్డారు.

మరి మార్చేయొచ్చు కదా

బ్యాంకు సర్వర్లు మార్చాలంటే ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలు సేవలు ఆపుతారు. ఆకాశానికి ఆదివారం లేదు. నడుస్తున్న బండికి ఇరుసు మార్చాలి, లోపల కూర్చున్నవాళ్లకు కుదుపు తెలియకూడదు. పాత, కొత్త వ్యవస్థలను నెలల తరబడి పక్కపక్కనే నడిపి, ఒకే విమానానికి రెండూ ఒకే జవాబు ఇస్తున్నాయో లేదో చూడాలి. వేలమంది కంట్రోలర్లను విడతలవారీగా పని నుంచి తప్పించి కొత్త తెర మీద తర్ఫీదు ఇవ్వాలి. వాళ్లను తప్పిస్తే ఉన్న విమానాలను ఎవరు చూస్తారన్నది మళ్లీ మొదటికొస్తుంది.

ఒక్క వేటుతో అంతా మార్చేద్దామన్న ప్రయత్నం అమెరికా చేసి చూసింది. 1980ల్లో తలపెట్టిన అడ్వాన్స్‌డ్ ఆటోమేషన్ సిస్టమ్ ప్రాజెక్టు కాగితం మీద ఒకే దెబ్బకు అన్ని కేంద్రాలనూ కొత్తగా చేసేది. కావలసినవి రోజుకొకటి చేరుతూ పోయాయి, గడువులు జారుతూ పోయాయి. వందల కోట్ల డాలర్లు కరిగాక 1994లో చాలా భాగాన్ని వదిలేసి ముక్కలు చేశారు. ఆ చేదు తర్వాత ఎవరూ ఒకే వేటు మాట ఎత్తలేదు. బ్రిటన్ స్వానిక్ కేంద్రం 1996లో తెరుచుకోవాల్సింది, 2002 జనవరిలో తెరుచుకుంది.

పైగా కొత్తది వచ్చినంత మాత్రాన కునుకు పట్టదు. దారి మధ్య విమానాలను చూసే పాత కంప్యూటర్ల స్థానంలో అమెరికా 200 కోట్ల డాలర్లకు పైగా పెట్టి ఈరామ్ అనే వ్యవస్థ తెచ్చింది. 2014 ఏప్రిల్ 30న లాస్ ఏంజెలెస్ మీదుగా ఒక యూ-2 గూఢచారి విమానం చాలా మెలికలున్న ప్లాన్‌తో వచ్చింది. ప్లాన్‌లో ఎత్తు లేకపోతే కంట్రోలర్ 60,000 అడుగులని చేర్చాడు. ఆ విమానం ఏ ఎత్తున ఏ దారిన పోవచ్చో అన్ని కలయికలనూ లెక్కవేయబోయి ఈరామ్‌కు మెమరీ చాలలేదు. పడింది, లేచింది, మళ్లీ అదే లెక్కకు పడింది. సుమారు గంటసేపు అటువైపు విమానాలు ఆపారు. యూరప్‌లో 2018 ఏప్రిల్ 3న రద్దీని సర్దే యూరోకంట్రోల్ వ్యవస్థ ఆగి ఆ రోజు విమానాల్లో సగం దాకా ఆలస్యమయ్యే పరిస్థితి వచ్చినప్పుడు, దాని వెనకున్నదీ కొత్త సాఫ్ట్‌వేరే: పరీక్షిస్తున్న కొత్తదానికీ, నడుస్తున్న అసలుకూ మధ్య ఉండకూడని లంకె ఒకటి మిగిలిపోయింది.

ఇన్ని చూశాక నిర్వాహకులు పాతదాన్నే పట్టుకు వేలాడటంలో పూర్తిగా తప్పు పట్టడం కష్టం. పాతదాని జబ్బులు తెలుసు, కొత్తదానివి ఇంకా బయటపడాలి. కానీ ఈ జాగ్రత్తకూ ఒక ధర ఉంది. ఆ ధర కట్టేది జాగ్రత్త పడేవాళ్లు కాదు.

యూరప్‌లోనూ బ్రిటన్‌లోనూ 261 నంబరు నిబంధన ప్రకారం విమానం బాగా ఆలస్యమైనా రద్దయినా సంస్థ ప్రయాణికుడికి పరిహారం ఇవ్వాలి. గగనతల నియంత్రణ దెబ్బతింటే మాత్రం అది అసాధారణ పరిస్థితి కిందికి వస్తుంది, ఆ పరిహారం రాదు. తిండి, బస, మరో విమానంలో చోటు మాత్రం విమాన సంస్థే చూడాలి. తప్పు జరిగిన చోటు నుంచి ప్రయాణికుడికి పైసా రాదు, విమాన సంస్థకూ ఖర్చు తిరిగి రాదు. ఏళ్లకొకసారి జరిగే ఈ నష్టం కంప్యూటర్ల బడ్జెట్ రాసే బల్ల మీదికి ఎప్పుడూ బిల్లుగా రాదు. ప్రతి ఏడాది ఆ బల్ల మీద కనిపించేది కొత్త వ్యవస్థ ఖర్చు ఒక్కటే. వాయిదా ఎందుకు గెలుస్తుందో తెలుసుకోవడానికి ఇంతకంటే లోతుకు పోనక్కర్లేదు.

నెవార్క్ తర్వాత అమెరికాలో మాత్రం పర్సు తెరిచారు. 2025 జులైలో చట్టమైన బడ్జెట్ బిల్లులో గగనతల వ్యవస్థల మార్పిడికి 1,250 కోట్ల డాలర్లు కేటాయించారు. రాగి తీగల బదులు ఫైబర్, కొత్త రాడార్లు, కొత్త రేడియోలు జాబితాలో ఉన్నాయి. అంతకు ముందు నెలలో ఎఫ్ఏఏ తాత్కాలిక అధిపతి చట్టసభ సభ్యుల ముందు ఇకపై ఫ్లాపీ డిస్కులూ ఉండవు, కాగితం స్ట్రిప్పులూ ఉండవు అని ప్రకటించారు.

ఫ్లాపీల కోసం ఎవరూ కన్నీళ్లు పెట్టరు. స్ట్రిప్పు సంగతి అంత తేలిక కాదు. అరచేతి పొడవుండే ఈ సన్నటి కాగితం ముక్క ఒక ప్లాస్టిక్ పట్టీలో ఇమిడి కంట్రోలర్ ముందు వరసలో నిలబడుతుంది. దాని మీద విమానం పేరు, రకం, దారి, ఎత్తు, సమయం ఉంటాయి. ఎత్తు మార్చమని చెప్పగానే కంట్రోలర్ పెన్నుతో పాతది కొట్టేసి కొత్తది రాస్తాడు. విమానం తన పరిధి దాటగానే పట్టీ తీసి పక్కన పడేస్తాడు. తెర వెలుగుతున్నంతసేపు అది పాతకాలపు చాదస్తంలా కనిపిస్తుంది. తెర ఆరిన క్షణాన ఏ విమానం ఏ ఎత్తున ఉందో చెప్పేది అదొక్కటే, ఎందుకంటే దానికి కరెంటూ అక్కర్లేదు, సర్వరూ అక్కర్లేదు. ఇక్కడిదాకా చెప్పుకున్న బ్యాకప్పులన్నిటిలో అసలుకు కవల కానిది ఇదే.

దాని చోట ఇప్పుడు ఎలక్ట్రానిక్ స్ట్రిప్పు వస్తోంది. చాలా దేశాల్లో వచ్చేసింది కూడా. రాత తప్పులు తగ్గుతాయి, పక్క కంట్రోలర్‌కు చేత్తో అందించే పని ఉండదు, లెక్కలన్నీ దానంతటదే చూసుకుంటుంది. ఆ కొత్త తెర ఏ సర్వరు మీద నడుస్తుంది, రాడార్ తెర ఆరిన రోజున దానితో పాటే ఆరుతుందా, విడిగా వెలుగుతూ ఉంటుందా అన్నది టెండరు పత్రాల్లో ఎక్కడో లోపలి పేజీల్లో ఉండే ఒక వాక్యం.